గడియారం వెనక

మార్గరెట్ ముస్తాబై మెట్లు దిగి వచ్చి గడియారం వంక చూడాలి. చూసి, "మూడుంబావా? ఇందాక అయిదు చూశానే" అని తెల్లబోవాలి. మార్గరెట్ వేషంలో లిఖిత దిగి వచ్చింది, చూసింది, తెల్లబోయింది కూడా. మాట మాత్రం రాలేదు. గడియారంలో అయిదే అయి ఉంది.

ఎదురుగా భర్త వేషంలో ఉన్న రాహుల్ తన మాట తాను అనేశాడు. "ఇంకా మూడుంబావే కదా మార్గరెట్, అప్పుడే తయారయ్యావేం?" హాల్లో వెనక కూర్చున్నవాళ్ళెవరో కిసుక్కున నవ్వారు.

అది ఆగస్టు నెల ఆదివారం మధ్యాహ్నం. స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ కమ్యూనిటీ హాల్లో తెలుగు సంఘం వాళ్ళ రిహార్సల్. శనివారం మధ్యాహ్నమే ప్రదర్శన. ఏటా ఏ పౌరాణికమో హాస్యనాటికో వేసే సంఘం, ఈసారి సుందరరామయ్య గారి పట్టుదల కొద్దీ విక్టోరియా రాణి కాలం నాటి లండన్ కథ ఎత్తుకుంది. నాటకం ఆయన రాసిందే. ఎడ్విన్ అనేవాడు ఇంట్లో గడియారాలు వెనక్కీ ముందుకీ తిప్పుతూ, తనకు మతి తప్పుతోందని భార్య మార్గరెట్ తనే నమ్మేలా చేస్తాడు. కోప్పడడు, కొట్టడు. జాలిగా మాట్లాడతాడు, అంతే. ఆమె పుట్టింటివారిచ్చిన ఇల్లు చేతికి రావాలంటే ఆమెను పిచ్చాసుపత్రిలో పెట్టించాలి, అదీ వాడి ఎత్తు.

సుందరరామయ్య గారు ముప్పయ్యేళ్ళు యూనివర్సిటీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. తప్పు కనిపిస్తే అక్కడికక్కడ దిద్దాల్సిందే. "లిఖితా, గడియారం చూసి డైలాగ్ చెప్తావా, స్క్రిప్ట్ చూసి చెప్తావా? గడియారం ఆగిపోతే నాటకం ఆగిపోతుందా? ఆఫీసు టెన్షన్ బయట పెట్టి రావాలమ్మా" అన్నారు.

లిఖిత తల వంచుకుంది. హనుమకొండ పిల్ల. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నైట్ సపోర్టు, దాని మీద ఈ రిహార్సళ్ళు. "సారీ అంకుల్. ఈ మధ్య నాకు దేని మీదా ధ్యాస ఉంటలేదు" అంది.

గడియారం వెనక నల్ల తెర చాటున వసుంధర ఆ మాట విన్నది. ఆమె ఒక చేతిలో నటులకు మాటలందించే ప్రాంప్టింగ్ ఫైలు, రెండో చేతిలో ఫోను ఉన్నాయి. రెండో అంకం కాగానే దీపాలారిపోతాయి. ఆ చీకట్లో గడియారం వెనకున్న చెక్క పిడి పట్టుకుని, సుద్దముక్కతో పెట్టిన గుర్తు దాకా తిప్పాలి. అదే ఆమె పని. సరిగ్గా ఆ క్షణానికి సిడ్నీ నుంచి కూతురు చైత్ర మెసేజ్ పెట్టింది. అది చూస్తూ వసుంధర పిడి సంగతి మర్చేపోయింది.

"గడియారం సంగతేమిటసలు?" అని సుందరరామయ్య గారు అడిగేసరికి ఆమె బయటికి వచ్చింది. నిజం చెప్పాలనే వచ్చింది. నోరు మాత్రం ఇంకోటి అంది.

"లోపల మర జారుతున్నట్టుందండీ. మా ఆయన బిగించడం మర్చిపోయి ఉంటారు. ఈ మధ్య ఆయన సంగతి మీకు తెలుసుగా."

హాలంతా మెత్తబడిపోయింది. సుందరరామయ్య గారి ముఖంలో కోపం పోయి జాలి వచ్చింది. ద్వారకానాథ్ గారిది ఎంత మంచి చేతిపని, ఆరడుగుల గడియారం నెలరోజుల్లో చేసిపెట్టారు, ఆ వయసులో ఎవరికైనా తప్పదు అన్నారు. డయలు నాలుగు బోల్టులు విప్పితే ఊడివస్తుంది గనక, దాన్ని ఇంటికి తీసుకెళ్ళి ఆయన చేతే చూపించమన్నారు. రాహుల్ దాన్ని దుప్పట్లో చుట్టి కారు డిక్కీలో పెట్టాడు. లిఖిత వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "ఎట్ల మేనేజ్ చేస్తున్నరు ఆంటీ మీరు" అంది. తను తిట్లు తిన్న సంగతి అప్పటికే మర్చిపోయింది ఆ పిల్ల.

తానన్నది అబద్ధమని వసుంధరకు పార్కింగ్‌లో కారు తలుపు తీసేటప్పుడు గాని తట్టలేదు. గుండె కాస్త కూడా కొట్టుకోలేదే అని ఆశ్చర్యపడింది.

*

ఆమె ఇల్లు చేరేలోపే సుందరరామయ్య గారు ఫోన్ చేసేశారు. ద్వారకానాథ్ గరాజ్‌లో లైటు వేసుకుని, పనిముట్ల పెట్టె తెరిచి సిద్ధంగా ఉన్నాడు. "మర వదిలేశానట కదా" అన్నాడు, పక్కింటివాడి సంగతి చెబుతున్నట్టు. రేపు చూడచ్చు లెండి అని ఆమె అన్నది.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి పనిలో దిగాడు. చల్లగా ఉంది, గరాజ్ తలుపు సగం ఎత్తి, ఆ వెలుగులోకి బల్ల లాక్కున్నాడు. డయల్ని బోర్లించి, గీతలు పడకుండా కింద పాత తువ్వాలు పరిచాడు. ఇరుసు మీద కప్పిన బిళ్ళ తీశాడు, పిడి తీశాడు, ఇరుసు మీద వేలు పెట్టి చూశాడు. నగర కౌన్సిల్లో ఇరవయ్యారేళ్ళు వంతెనల పని చూసిన మనిషి, దేన్నీ కంటితో నమ్మడు, వేలితో నమ్ముతాడు. చిన్న రెంచితో మరను పట్టి తిప్పబోయాడు. అది కదల్లేదు. రెండో మరా కదల్లేదు. డయలు నిలబెట్టి, పిడి పట్టుకుని ముళ్ళు పన్నెండు నుంచి పన్నెండు దాకా తిప్పాడు. ఆగాడు. మళ్ళీ తిప్పాడు. వసుంధర టీ తెచ్చేసరికి ఆరోసారో ఏడోసారో.

"బిగువుగానే ఉంది వసూ" అన్నాడు.

టీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"నిన్న జారిందంటావు. ఇవాళ ఇంత బిగువుగా ఉంది. అంటే నేను రాత్రో పొద్దున్నో వచ్చి బిగించి ఉండాలి. బిగించిన గుర్తు లేదు నాకు." రెంచి చేతిలో అటూ ఇటూ తిప్పుకుంటున్నాడు. "నేను గాని పొద్దున్నే లేచి ఇక్కడికి వచ్చానా? నువ్వు చూశావా?"

చెప్పడానికి అంతకంటే సులువైన క్షణం మళ్ళీ రాదు. ఆయనే దారి వేసి పెట్టాడు. నేనే తిప్పడం మర్చిపోయానండీ, మర బాగానే ఉంది అంటే అయిపోయేది. వసుంధర ఆయన ముఖం చూసింది. బెదిరిన ముఖం, తన మాట కోసమే కాచుకున్న ముఖం. ఇన్నాళ్ళుగా ఆ ముఖానికి ఏం చెబితే సర్దుకుంటుందో ఆమెకు అలవాటైపోయింది.

"వచ్చే ఉంటారు లెండి" అంది మెల్లిగా. "టీ చల్లారిపోతోంది, తాగండి."

ఆయన టీ తాగలేదు. బిళ్ళ వేసి, మరలు బిగించి, తువ్వాలు దులిపి మడత పెట్టాడు. తర్వాత గోడకున్న కొక్కెం నుంచి కాన్వాస్ ఏప్రన్ తీశాడు. రిటైరైన మగవాళ్ళంతా కలిసి చెక్కపని చేసుకునే షెడ్డులో కట్టుకునే ఏప్రన్ అది. మంగళ, గురువారాలు ఆయన అక్కడే ఉంటాడు. ఏప్రన్ జేబుల్లోంచి పెన్సిలు ముక్కలు, టేపు తీసి బల్ల మీద పేర్చి, కోలిన్‌కి ఫోన్ చేశాడు. షెడ్డు చూసుకునే ముసలాయన కోలిన్. ఇంగ్లీషులో నవ్వుతూనే మాట్లాడాడు. ఇంకనుంచి రానని, మర్చిపోయే చేతులు రంపం దగ్గర ఉండకూడదని చెప్పాడు. సెప్టెంబరులో ఇద్దరూ కలిసి కారులో, వెయ్యి కిలోమీటర్ల పైన ఉన్న లాంగ్‌రీచ్ దాకా పోదామనుకున్న ప్రయాణం కూడా ఇక తన వల్ల కాదన్నాడు. అటువైపు కోలిన్ ఏదో అంటే, "నో, నో మేట్, బెటర్ దిస్ వే" అని పెట్టేశాడు.

ఇది విన్నప్పుడు వసుంధరకు మొదట కలిగింది ఊరట. ఆ ప్రయాణం మానిపించాలని ఆమె ఏడాదిగా చూస్తోంది. తానేమీ చెయ్యకుండానే అది దానంతటదే రాలిపోయింది. ఆ ఊరటతోనే వంటింట్లోకి వెళ్ళి బీరకాయలు తరిగింది. ఆయనకిష్టమని నువ్వులపొడి వేసి కూర చేసింది.

భోజనాల దగ్గర ఆయన చేతులు చూసింది. తినడం అయిపోయాక రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎప్పుడూ ఏ చెక్కముక్కో, ఏ తాళమో తిప్పుతుండే చేతులు. ఆసుపత్రి వరండాలో పిలుపు కోసం కూర్చున్నవాడి చేతుల్లా ఉన్నాయి.

మంగళవారం చైత్ర ఫోన్ చేసింది. వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో పిల్లల డాక్టరు ఆమె. తెలుగు అర్థమవుతుంది గాని జవాబులన్నీ ఇంగ్లీషే. డాడ్‌ని ఇంకా మెమొరీ క్లినిక్‌కి ఎందుకు తీసుకెళ్ళలేదని నిలదీసింది. చూద్దాంలే, కంగారు పెడితే ఇంకా ఎక్కువవుతుంది అని వసుంధర దాటేసింది. "మమ్, ఐ డోంట్ నో హౌ యూ డూ ఇట్" అంది చైత్ర.

ఆమె ఫోన్ పెట్టేసరికి ద్వారకానాథ్ వాకింగ్‌కి బయల్దేరుతున్నాడు. చెరువు చుట్టూ రెండు చుట్లు తిరిగి వచ్చేస్తాడు. చొక్కా జేబులోంచి ఏదో అట్టముక్క అంచు కనిపిస్తోంది. ఏమిటని అడిగితే తీసి చూపించాడు. మందుల పెట్టె అట్టను కత్తిరించి, దాని మీద ఇంటి నంబరు, వీధి పేరు, వసుంధర ఫోన్ నంబరు రాసుకున్నాడు. డ్రాయింగుల మీద రాసే పెద్ద ఇంగ్లీషు అక్షరాలు, గీత గీసినంత నిటారుగా.

"ఎందుకైనా మంచిదని" అన్నాడు.

వసుంధర దాన్ని మళ్ళీ ఆయన జేబులో పెట్టింది. ఆయన గేటు దాటి, చెరువు దారి పట్టే దాకా కిటికీలోంచి చూస్తూ నిలబడింది. దారి తప్పుతాడేమోనని కాదు. ఆయన తప్పడని ఆమెకు తెలుసు. అది ఆమెకొక్కదానికే తెలుసు.

*

బుధవారం సాయంత్రం అయిదున్నరకు రిహార్సల్. రాహుల్ రాలేదు. ఆసుపత్రిలో డ్యూటీ మార్చారని మెసేజ్ పెట్టాడు. ప్రదర్శన మూడు రోజుల్లోకి వచ్చేసింది. ఎడ్విన్ మాటలు ఫైలు చూసి చదవమని సుందరరామయ్య గారు వసుంధరను పిలిచారు.

"ఊరికే చదవండమ్మా, లిఖితకి అందిస్తే చాలు. యాక్షన్ అక్కర్లేదు" అన్నారు. ఫోను రికార్డింగులో పెట్టి కుర్చీ మీద ఉంచారు. ఇవాళ చెప్పే సూచనలన్నీ రాహుల్‌కి పంపించాలి మరి.

రాహుల్‌తో ఆయనకు మొదటినుంచీ ఒకటే పేచీ. కుర్రాడు కనుబొమ్మలు ముడేసి, గొంతు బరువు చేసి చదువుతాడు. దొంగ దొంగలా కనిపిస్తే ఎవరు నమ్ముతార్రా అని ఆయన వందసార్లు చెప్పి ఉంటారు.

వసుంధర కళ్ళజోడు సర్దుకుని, ఫైలు పట్టుకుని స్టేజీ మీదికి వెళ్ళింది. ఎదురుగా లిఖిత. వాడిన బట్టలు, సామాన్లు అమ్మే ఆప్ షాపులో కొన్న పాత కర్టెన్లతో కుట్టిన పొడుగాటి గౌను వేసుకుని ఉంది. గడియారం వంక చూసి, ఈసారి తడబడకుండా తన మాట అన్నది. తర్వాతది ఎడ్విన్ మాట.

"అలిసిపోయావు మార్గరెట్" అని వసుంధర చదివింది. "నీ తప్పేం లేదు. గడియారం చూడటం కూడా ఈ మధ్య నీకు కష్టమైపోతోంది కదూ? చూడకు. టైమెంతయిందో ఇకనుంచి నన్నడుగు. నేను చెప్తాను. నేనున్నది అందుకే కదా."

తలెత్తి చూసింది. లిఖిత కళ్ళల్లో నీళ్ళు. ఆమె తర్వాత అనవలసిన మాట అనలేదు, అందించాల్సిన వసుంధరా అందించలేదు. హాల్లో కుర్చీలు సర్దుతున్నవాళ్ళు కూడా చేతులాపి చూస్తున్నారు.

సుందరరామయ్య గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇదే. నేను మూడు నెలలుగా వాణ్ణి అడుగుతున్నది ఇదే. వాడు మోసం చేస్తున్నాడని మర్చిపోయానమ్మా ఒక్క క్షణం. ప్రేమ ఉన్న మనిషి మాట్లాడినట్టుంది. ఎక్కడ ఆపాలో, ఎక్కడ తగ్గాలో... ఎక్కడ నేర్చుకున్నారు?" రికార్డింగు సరిగ్గా పడిందో లేదో ఫోను చెవి దగ్గర పెట్టుకుని చూసుకుంటున్నారు. అందులోంచి వసుంధర గొంతు సన్నగా వస్తోంది. టీ చల్లారిపోతోంది, తాగండి అన్న గొంతే అది.

లిఖిత దగ్గరికొచ్చింది. "మస్తు భయమైంది ఆంటీ. ఎందుకో తెల్వదు. మీరసలు తిట్టనే లేదు కదా, అందుకేనేమో" అని నవ్వబోయింది.

వసుంధర ఫైలు మూసింది. స్టేజీ మీద నిలబడే చెప్పింది.

"ఆ గడియారం మర వదులు కాలేదండీ. ఆదివారం ముల్లు తిప్పడం మర్చిపోయింది నేను. ఫోను చూసుకుంటున్నాను. ఆయన తప్పు లేదు, లిఖిత తప్పూ లేదు."

సుందరరామయ్య గారు ఫోను దించి, ఆమె వంక ఆప్యాయంగా చూశారు. "తెలుసమ్మా" అన్నారు. "ఆయన్ని వెనకేసుకు రావడం మీకివాళ కొత్త కాదు. ఇక్కడెవరూ ఆయన్ని తప్పుపట్టట్లేదు. ఆ సంగతి వదిలెయ్యండి."

కాదు, నిజంగానే నేనే అని ఆమె ఇంకోసారి అంది. లిఖిత ఆమె చెయ్యి పట్టుకుని, అంకుల్ ఎంత లక్కీయో అంది. ఎవరో టీ ఫ్లాస్కు తెచ్చారు. మూడో అంకం మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకుందామన్నారు. వసుంధర తెర వెనక్కి వెళ్ళిపోయింది. అబద్ధాన్ని ఒక్కసారి చెబితే నమ్మినవాళ్ళు, నిజాన్ని రెండుసార్లు చెప్పినా నమ్మలేదు.

*

గురువారం పొద్దున ద్వారకానాథ్ భోజనాల బల్ల దగ్గర కూర్చుని కరివేపాకు దూస్తున్నాడు. షెడ్డుకి వెళ్ళే రోజు. ఏదో ఒక పని కావాలని తనే అడిగి తీసుకున్నాడు.

వసుంధర పడగ్గదిలోకి వెళ్ళి, స్టూలెక్కి, బీరువా మీది సూట్‌కేసు దించింది. అందులోవి తెచ్చి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. ముందు ఆయన దగ్గరుండే కారు తాళంచెవి, ఎర్ర దారం కట్టి ఉన్నది. తర్వాత లైబ్రరీ పుస్తకం. ఆఖర్న ఆయన చదువుకునే కళ్ళజోడు, పాతది.

ఆయన ముఖం వికసించింది. "దొరికాయా? ఎక్కడ పెట్టాను?"

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీరు పెట్టలేదండీ. నేను పెట్టాను. మీరు మర్చిపోయారని చెప్పాను."

ఆయన ఒక్క క్షణం ఆగి, నవ్వాడు. "సుందరరామయ్య నిన్న ఫోన్ చేశాడులే. మర తప్పు కూడా నీ మీదేసుకున్నావట కదా. ఎందుకే నీకివన్నీ?" అని ఆమె చేతి మీద తట్టాడు.

ఆమె ఆ చేతిని పట్టుకుని బల్ల మీదే ఉంచేసింది. మొదట్నుంచీ చెప్పింది. చెబుతుంటే గొంతు ఎక్కడా జాలిగా రాకుండా చూసుకుంది. కిందటేడు చలికాలంలో సన్నీబ్యాంక్ నుంచి కూరగాయలు తీసుకుని వస్తుంటే, రౌండబౌట్‌లో ఆయన ఎదురు దారిలోకి తిప్పేశాడు. ఎదురుగా లారీ. ఆ లారీ డ్రైవరు ముఖం ఆమెకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఆయన నవ్వేశాడు, ఎవరికైనా జరుగుతుందన్నాడు. కారు మానెయ్యమని ఆమె ఎన్నిసార్లు అడిగినా వినలేదు. పైగా లాంగ్‌రీచ్ అన్నాడు. ఒకరోజు నిజంగానే తాళంచెవి ఎక్కడో పెట్టి, గంటసేపు వెతుక్కుని, బెదిరిపోయి ఆ రోజంతా కారు జోలికి పోలేదు. వారం తర్వాత దాన్ని ఆమె దాచింది. ఒక్కసారే అనుకుంది. ఆయన అంత మెత్తగా అయిపోతాడని, ప్రతిదానికీ తననే అడుగుతాడని, అది తనకింత హాయిగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

ఆ చివరి మాట కూడా చెప్పింది. ఆయన తన చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకున్నాడు.

"మందుల డబ్బా రెండుసార్లు కనబడకుండా పోయింది?" అన్నాడు.

"నేనే."

"మూర్తి గారి గృహప్రవేశం తేదీ?"

"నేనే. మీరు సరిగ్గానే చెప్పారు."

"మర."

"దానికేం కాలేదు. ఎప్పుడూ ఏం కాలేదు."

దూసిన ఆకుల్ని ఆయన అరచేత్తో ఒక కుప్పగా చేశాడు. "అడిగితే కారు మానేసేవాణ్ణి కాదు, అది నిజమే" అన్నాడు. "పోట్లాడుకునేవాళ్ళం. నువ్వు చైత్రతో చెప్పించేదానివి, నేను దానిమీదా అరిచేవాణ్ణి. అయితేనేం. నాకు మతి పోయిందని మాత్రం అనుకునేవాణ్ణి కాదు కదా వసూ."

ఆయన ఇంకో కరివేపాకు రెమ్మ అందుకున్నాడు.

"మార్చిలో బట్టలుతికే గదిలో కుళాయి వదిలేసి, హాలు దాకా నీళ్ళొచ్చాయి. అదీ నువ్వేనా?"

"అది నేను కాదండీ."

ఆయన తలెత్తాడు.

"నేనప్పుడు గుళ్ళో ఉన్నాను. అది మీరే" అంది. నిజమే చెప్పింది.

కౌన్సిల్ రోజుల్లో వంతెన స్తంభం మీద బీట కనిపిస్తే, అది పైపూతలో బీటో లోపలి దాకా దిగిన బీటో తేల్చుకోవడానికి ఎలా చూసేవాడో, ఆమె ముఖాన్ని అలా చూశాడు. అందులో కోపం లేదు. ఆమె కాచుకున్నది కోపం కోసమే. అది వచ్చి ఉంటే తేలికయ్యేది.

"అది నేనేనని ఎలా నమ్మమంటావు?" అన్నాడు. "కాదని మాత్రం ఎలా అనుకోను?"

లేచి చేతులు కడుక్కుని, క్లినిక్‌కి తనే ఫోన్ చేశాడు. పేరు ఒక్కో అక్షరం విడమర్చి చెప్పాడు. జ్ఞాపకశక్తి పరీక్ష కావాలి, ఎక్కువ టైము ఉన్న అపాయింట్‌మెంటు కావాలి అన్నాడు. సోమవారం పొద్దున పదింటికి ఇచ్చారు. వెంట ఎవరైనా వస్తారా అని అడిగినట్టున్నారు. "నో. జస్ట్ మీ" అన్నాడు.

ఆ సాయంత్రమే వసుంధర చైత్రకు ఫోన్ చేసి ఇదంతా చెప్పింది. చైత్ర అంతా విని, ఫోన్ డాడ్‌కివ్వు అంది. ఆయన ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

*

శుక్రవారం ఆయనే వెళ్ళి డయలు బిగించి వచ్చాడు. కారు ఆయనే నడిపాడు. రౌండబౌట్ల దగ్గర పూర్తిగా ఆపి, తలతిప్పి చూసి, అప్పుడు కదిలానని తిరిగొచ్చాక తనంతట తనే చెప్పాడు. ఆమె అడగలేదు.

శనివారం నాటకం బాగా వచ్చింది. దీపాలారినప్పుడల్లా వసుంధర నల్ల సల్వారులో, చప్పుడు చెయ్యని బూట్లతో, నీలం కాగితం చుట్టిన టార్చి నోట కరుచుకుని పిడిని గుర్తు దాకా తిప్పింది. పిడి నున్నగా తిరిగింది. చెక్క మీద ఆయన గరుకుకాగితం పట్టిన చోటల్లా వేలికి తెలుస్తోంది. మూడో అంకంలో రాహుల్ కనుబొమ్మలు ముడెయ్యలేదు. అలిసిపోయావు మార్గరెట్ అన్నాడు. ఎక్కడ ఆపాలో అక్కడ ఆపాడు, ఎక్కడ తగ్గాలో అక్కడ తగ్గాడు. రికార్డింగు బాగా విన్నట్టున్నాడు. హాల్లో ఆడవాళ్ళు అయ్యో అన్నారు. వసుంధర తెర అంచు పట్టుకుని తల దించుకుంది. ద్వారకానాథ్ జనంలో ఎక్కడ కూర్చున్నాడో ఆ లైట్లలో కనబడలేదు.

నాటకమయ్యాక అందరూ గడియారం దగ్గర నిలబడి ఫోటోలు తీసుకున్నారు. ఆయన లేడు. లిఖిత కారులో ఆమె ఇల్లు చేరేసరికి, అన్నం వండి, చారు కాచి, అప్పడాలు వేయించి ఉంచాడు. ఇద్దరూ తిన్నారు. "గడియారం బాగానే తిరిగింది" అన్నాడు. రాహుల్ గురించి ఏమీ అనలేదు. ఆదివారం పొద్దున కోలిన్‌తో ఫోన్లో చాలాసేపు మాట్లాడాడు. లాంగ్‌రీచ్ సంగతి డాక్టరును కలిశాక చెబుతానన్నాడు.

సోమవారం తొమ్మిదిన్నరకు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడికేర్ కార్డు జేబులో పెట్టుకున్నాడు. గుమ్మంలో కూర్చుని బూట్లు తొడిగాడు. నేనూ రానా అని వసుంధర అడగబోయి ఊరుకుంది. ఆయన లేచి, తలుపు తీసి, గడప మీద ఆగాడు. ఏడాదిగా పడ్డ అలవాటు, వెనక్కి తిరగకుండానే అడిగేశాడు.

"స్టవ్ కట్టేశానా?"

పాలు కాచింది ఆయనే. కట్టేయడం ఆమె కళ్ళారా చూసింది.

"కట్టేశారు" అంది.

ఆయన కదల్లేదు. తలుపు పిడి మీద చెయ్యి అలాగే ఉంది. తర్వాత వంగి, బూట్ల లేసులు విప్పాడు, ఒకటి, రెండోది. బూట్లు పక్కన పెట్టి, సాక్సులతో ఆమెను దాటుకుని వంటింట్లోకి నడిచాడు. స్టవ్ ముందు నిలబడి, నాలుగు పిడులనూ ఒక్కొక్కదాన్ని వేలితో తాకి చూశాడు. వసుంధర గోడవారగా జరిగి దారి వదిలింది.

ఆయన తిరిగి వచ్చి కూర్చుని మళ్ళీ బూట్లు తొడుక్కున్నాడు. తొందరపడకుండా ముడులు వేసుకున్నాడు.

"కట్టే ఉంది" అని చెప్పి, బయటికి వెళ్ళాడు.